ఆ రెండు పెట్టెల రికార్డులు అమ్మొద్దు



కాలం చేసిన మన పెద్దాయన ఒకరి రికార్డులు, వాళ్ళింటివాళ్ళు లైబ్రరీకి ఇచ్చినవి, రెండు పెట్టెలు బీరువా వెనకాల పడి ఉన్నాయి. అన్నీ జాజ్. కిందటి కార్యవర్గ సమావేశంలో వాటిని చోర్ బజార్‌లో అమ్మేసి హాల్లో ఫ్యాన్లు మార్పిద్దామన్న మాట వచ్చింది. ఫ్యాన్లు మార్చాల్సిందే, మే నెలలో ఆ హాల్లో కూర్చున్నవాళ్ళం కాదనం. రికార్డులమ్మి మార్చొద్దంటున్నాం, అంతే. మేమంటే, ఆదివారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో చేరి రికార్డులు వినే అయిదారుగురం. పెట్టెలు విప్పి లెక్కపెట్టాం. అరవై నాలుగున్నాయి.

"తెలుగు సంఘానికి జాజ్ ఎందుకండీ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అది అమెరికాలో నల్లజాతి వాళ్ళు పుట్టించి పెంచిన సంగీతం, మనదని చెప్పుకోవలసిన పని లేదు. కానీ మనం బతికే ఊరికి కొత్తదేం కాదు. 1935లోనే లియోన్ అబ్బే బృందం తాజ్ హోటల్లో వాయించింది. అప్పటికి మన తాతలు కామాటిపురాలో, మిల్లుల చుట్టుపక్కల చాళ్ళలో కాపురముంటున్నారు. తాజ్ లోపలికి వాళ్ళనెవరు రానిస్తారు! అయినా గోవా వాద్యకారులు ఆ బాణీని హోటళ్ళలోంచి సినిమా స్టూడియోలకు మోసుకొచ్చారు. ట్రంపెట్ వాయించే చిక్ చాకొలెట్ 1951 నాటి 'అల్‌బేలా'కి సి.రామచంద్రతో కలిసి పనిచేశాడు. ఆ సినిమా పాటలు మన ఇళ్ళలో వినబడకుండా ఉన్నాయా?

ఇక సిఫారసుల సంగతి. జాజ్ వినేవాళ్ళకో చెడ్డ అలవాటుంది. కొత్తవాడు కనబడగానే "తప్పక వినాల్సిన వంద" అని జాబితా చేతిలో పెట్టడం. అందులో మొదటిదే ఆర్నెట్ కోల్‌మన్ 'ఫ్రీ జాజ్' అయితే ఆ మనిషి మళ్ళీ మన గడప తొక్కడు. పెట్టాల్సింది జాబితా కాదు, ఆ మనిషి చెవికి తగ్గ ఒక్క రికార్డు. మన సభ్యుల్లో కచేరీలకు వెళ్ళేవాళ్ళు ఎక్కువ. వాళ్ళకు మేం ముందు పెట్టేది 1959 నాటి మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. అందులో మొదటిది 'సో వాట్'. దానికి ఆధారమైన స్వరాలు మన ఖరహరప్రియవే. రాగమని అనలేం. గమకం లేదు, సంచారాలు లేవు. పైగా నడుమ ఎనిమిది ఆవర్తాలపాటు మొత్తం అరమెట్టు పైకెక్కి మళ్ళీ కిందికి దిగుతుంది. త్యాగయ్య కీర్తనలు విన్న చెవికి ఆ ఎక్కడం మొదట ఇబ్బందిగా ఉంటుంది, నాలుగోసారికి దానికోసమే ఎదురుచూస్తుంది.

తాళం మీద మోజున్నవాళ్ళకైతే డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్'. అదీ 1959దే. అందులో 'టేక్ ఫైవ్' అయిదు దెబ్బల నడక. మన ఖండచాపు రెండు, మూడుగా విరిగితే ఇది మూడు, రెండుగా విరుగుతుంది. మృదంగం నేర్చుకుంటున్న మన పిల్లల్ని కూర్చోబెట్టి వినిపించి చూడండి, తొడమీద తాళం వాళ్ళే వేస్తారు. ఆ బ్రూబెక్ అంతకుముందు ఏడాదే, 1958లో, బొంబాయి వచ్చి వాయించి వెళ్ళాడు.

ఒకటి నచ్చాక రెండోది ఎలా వెతుక్కోవాలి? అట్ట మీది పెద్ద పేరు పట్టుకుని కాదు, అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే పక్కవాద్యం వాళ్ళని పట్టుకుని. ఇందులో మాకు రెండో మాట లేదు. 'కైండ్ ఆఫ్ బ్లూ'లో బేస్ మీటింది పాల్ చేంబర్స్. అతని వెనకాలే వెళ్తే కోల్ట్రేన్ 'బ్లూ ట్రేన్', 'జయంట్ స్టెప్స్', సోనీ క్లార్క్ 'కూల్ స్ట్రటిన్', ఆలివర్ నెల్సన్ 'ది బ్లూస్ అండ్ ది ఆబ్‌స్ట్రాక్ట్ ట్రూత్' వరసగా వచ్చేస్తాయి. కోల్ట్రేన్ 'మిస్టర్ పి.సి.' అని అతని పేరనే ఒక రచన చేశాడు. చేంబర్స్ 1969లో ముప్ఫై మూడేళ్ళకే పోయాడు. కచేరీ అయ్యాక గాయకుడికి శాలువా కప్పి, ఘటం వాయించినాయన పేరు మైకులో తప్పు చదివే మనబోటివాళ్ళకి ఈ పద్ధతి మరీ అవసరం.

'అసలు ముద్రణ' పిచ్చి గురించి కూడా చెప్పాలి. పెట్టెల్లో ఉన్నవి తర్వాతి ముద్రణలు కదా, విలువేముంటుంది అన్నారొకరు. 'కైండ్ ఆఫ్ బ్లూ' మార్చి 2న రికార్డు చేసినప్పుడు టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో రికార్డు మొదటి వైపు మూడు రచనలూ ఉండాల్సిన శ్రుతికంటే కొంచెం పైన పలికాయి. అది సరిదిద్దింది 1990లలో. అంటే వేలు పోసి కొనే మొదటి ముద్రణలో ఉన్నది తప్పు శ్రుతి! కొనేవాళ్ళు కొనుక్కోనీండి, మనకు పాట కావాలి.

అమ్మితే వచ్చేదెంత? దుకాణదారు పెట్టెకింత అని గుత్తగా కడతాడు, తర్వాత ఒక్కొక్కటీ విడిగా అమ్ముకుంటాడు. మనకు వచ్చేది ఒక ఫ్యాను ఖరీదు, మహా అయితే రెండు. తర్వాత ఎవరైనా తమ ఇంటి పుస్తకాలో, హరికథల క్యాసెట్లో సంఘానికి ఇవ్వాలంటే వెనకాడతారు. మాకు అసలు బెంగ ఇదే. ఇచ్చిన కుటుంబం ఇంకా మన మధ్యే ఉంది, ఉగాది భోజనాలకు వస్తుంది. వాళ్ళ మొహం ఎలా చూస్తాం?

ఉంచుకోవడమంటే తాళమేసి ఉంచడం కాదు. ప్రస్తుతం అవి ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి, అలా ఉంటే వంగిపోతాయి. నిలబెట్టాలి. గోడకు ఆనించకూడదు, ఈ ఊరి వానకు అట్టలు బూజు పడతాయి. పాత 78లు ఏవైనా దొరికితే స్పిరిట్‌తో తుడవొద్దు, లక్క కరిగిపోతుంది. టర్న్‌టేబుల్ మాలో ఒకరిది ఉంది, తెచ్చి లైబ్రరీలో పెడతారు. కొత్త ముల్లు ఖర్చు మాది. నెలకో ఆదివారం రెండు గంటలు హాలు ఇస్తే చాలు, ఒక సాయంత్రం రెండు రికార్డులకు మించి వేయం. వచ్చినవాళ్ళకు చాయ్ మేమే పోయిస్తాం.

ఈ విషయం వచ్చే సమావేశం ఎజెండాలో చేర్చాలని కార్యదర్శిగారిని కోరుతున్నాం. అంతవరకు పెట్టెలు అక్కడినుంచి కదపొద్దు. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళు కాస్త కామెంట్లో చెప్పండి, వానలు మొదలయ్యేలోగా రికార్డులు నిలబెట్టి వస్తాం.