తిరుగు పడవకూ విమానానికీ మధ్య ఒక రోజు వదలండి

దసరా, దీపావళి సెలవులకు అండమాన్ వెళ్దామని టికెట్లు చూస్తున్న మడికొండ, కడిపికొండ, కాజీపేట కుటుంబాలకు ఈ మాట ఇప్పుడే చెప్పాలి. డబ్బు కట్టాక చెబితే లాభం లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. మన సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి.

ట్రావెల్స్ వాళ్లు వాట్సాప్‌లో పంపే ఐదు రాత్రుల ప్లాన్ తీసి చివరి వరుస చదవండి. చాలా ప్లాన్లలో ఒకటే ఉంటుంది: పొద్దున హేవ్‌లాక్‌లో పడవ, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో విమానం. ఆ రెంటి మధ్య మూడు నాలుగు గంటలు. హేవ్‌లాక్‌ను ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అనీ, పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం అనీ పిలుస్తున్నారు. ఆ రెండు ఊళ్ల మధ్య దాదాపు 40 కిలోమీటర్ల సముద్రం ఉంది. ప్రైవేటు పడవకు గంటన్నర, సర్కారు పడవకు రెండు గంటల పైన పడుతుంది, అదీ సముద్రం ఒప్పుకుంటేనే. గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. వంతెన లేదు, బస్సు లేదు. 2016 డిసెంబర్‌లో, తర్వాత వర్ధా తుపానుగా మారిన వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకున్నారు. వాతావరణం కుదుటపడ్డాకే నౌకాదళం ఓడలు వాళ్లను బయటికి తేగలిగాయి.

దీవిలో రెండు రోజులు చిక్కుకోవడం కష్టమే కానీ ప్రాణాంతకం కాదు. నా భయం వేరే. విమానం పోతుందన్న తొందరలో, కట్టిన డబ్బు పోతుందన్న బాధలో మనిషి ఎక్కకూడని పడవ ఎక్కుతాడు. ఆపవలసినవాడు ఆపడు, దిగవలసినవాడు దిగడు. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. మోయదగినంత కన్నా చాలా ఎక్కువ మందిని ఎక్కించుకున్న పడవ అది.

మనకు ఆ పాఠం చెప్పడానికి అండమాన్ దాకా పోనక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. పాపికొండలు చూడటానికి బయల్దేరిన రాయల్ వశిష్ట పడవ దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. అందులో మన పక్క ఊరు కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లే 14 మంది. ఐదుగురే బతికి వచ్చారు. ఆ రోజు గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద. బయటపడ్డవాళ్లలో చాలామంది లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉన్నవాళ్లు. పడవను అక్టోబర్ 22న గానీ పైకి తీయలేకపోయారు. ఆ ఇళ్లు ఇక్కడి నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్నాయి. ఆ దుఃఖం తెలిసిన మనం ఇంకెవరో చెప్పేదాకా ఆగడం తప్పు.

మన పిల్లలు ఎరిగిన నీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువు. అక్కడ ఈదినవాడికి సముద్రం మీద ధీమా వస్తుంది, అదే ముప్పు. ఒడ్డు దగ్గర అలలు తక్కువగా, నీళ్లు నెమ్మదిగా కనిపించే చోటే కొన్నిసార్లు లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. అందులో పడితే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడే పక్కకు ఈది ప్రవాహం దాటాలి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటొద్దు. ఇంకోటి, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్ దగ్గరే ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి పొట్టన పెట్టుకుంది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, వాగు సముద్రంలో కలిసేచోట నీళ్లలోకి దిగడం అసలే వద్దు. చలికాలంలో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. మన ఊరి లెక్కన ఇంకా టైం ఉందిలే అనుకుంటే చీకట్లో చిక్కుకుంటారు.

లైఫ్ జాకెట్ ఇస్తే భుజానికి తగిలించుకోవడం కాదు. ముందు బకిళ్లన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని పక్కవాళ్లకు చెప్పండి. గడ్డం దాటి పైకి వచ్చిందంటే అది నీళ్లలో జారిపోతుంది. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే వేయనట్టే లెక్క. వాళ్ల సైజుది ఇవ్వలేకపోతే ఆ పడవ ఎక్కకండి. లక్నవరం దీవికి పోయే పడవలోనైనా ఇదే పద్ధతి.

స్కూబా డైవింగ్ ఆఖరి రోజుకు పెట్టే ప్లాన్లు చూస్తే నాకు కోపం వస్తోంది. డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు, వీలైతే పూర్తి రోజు, విమానం ఎక్కకూడదు. ఒత్తిడి వల్ల రక్తంలో కరిగిన నైట్రోజన్ పైకి వెళ్లగానే బుడగలు కట్టి కీళ్లకు, నరాలకు ముప్పు తెస్తుంది. ఆస్తమా, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు ఫారంలో దాచకుండా రాయాలి.

అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు షుగర్, బీపీ మాత్రలు వారం రోజులకు అదనంగా పెట్టుకోండి. హేవ్‌లాక్‌లో ఉన్నది చిన్న ఆసుపత్రి. పెద్ద జబ్బు చేస్తే పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆసుపత్రికే, మళ్లీ అదే సముద్రం దాటి, పోవాలి. వాంతులు కాకుండా ఉండే మాత్రను పడవ ఎక్కడానికి ముందే వేసుకోవాలి. ఏటీఎంలు తక్కువ, సిగ్నల్ పోతూ ఉంటుంది, అందుకని కొంత నగదు చేతిలో ఉంచుకుని, ప్రయాణం ప్లాన్ కాగితం మీద రాసి ఇంట్లో ఒకటి వదిలి వెళ్లండి.

అడ్వాన్స్ ఇచ్చేముందు ట్రావెల్స్ అన్నను ఈ ప్రశ్నలు అడగాలె: "అన్నా, పడవ ఆగిపోతే ఆ రాత్రి మేం ఎక్కడ ఉంటం? ఆ గదికి ఎవరు కడ్తరు? విమానం పోతే పైసలు వాపస్ వస్తయా?" జవాబు నోటితో కాదు, కాగితం మీద తీసుకోండి. వరంగల్, హనుమకొండల్లో ఈ ప్యాకేజీలు అమ్మేవాళ్లు వాతావరణం షరతును తెలుగులో, రసీదు మీదే ముద్రించాలని ఈ పత్రిక కోరుతోంది. పర్యాటక శాఖ అధికారులు దసరాకు ముందే ఈ విషయం చూడాలి.

ఇప్పటికే టికెట్లు కొన్నవాళ్లకు ఇంకా గడువుంది. తిరుగు విమానానికి ముందురోజు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకునేలా తేదీ మార్పించుకోండి. మార్పు రుసుము ఎంతైనా కట్టండి. బయల్దేరే వారం వాతావరణ శాఖ అండమాన్‌కు ఇచ్చే ప్రకటనలు రోజూ చూడండి. మత్స్యకారులను సముద్రంలోకి వెళ్లొద్దన్న రోజున మీరూ దీవి పడవ ఎక్కొద్దు.