ఉగాది జాడి కార్డులు ప్రెస్సుకు ఇవ్వొద్దు

పోస్టు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. పోయిన ఆదివారం మీటింగులో మా మాట పూర్తి కాకముందే చాయ్ వచ్చింది, అందరూ లేచారు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

విషయం ఉగాది కార్డులది. రెండేళ్లుగా షోలాపూర్‌లో మన సంఘం తరఫున 160 ఇళ్లకు జాడి బొమ్మ అచ్చు గుద్దిన కార్డు, దానితో పాటు ఒక చిన్న పొట్లం వెళ్తున్నాయి. రెండూ చేత్తో చేసినవే. ఈసారి కార్డులు ప్రెస్సులో వేయిద్దామని, పొట్లాలకు బదులు కార్యవర్గం ఫోటో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు పంచుదామని ప్రతిపాదన వచ్చింది. కార్డులు చేసే ఐదారుగురం దీనికి ఒప్పుకోవడం లేదు. ఎందుకో చెప్తాం. మా వైపు ఒక తప్పుంది, అదీ చెప్తాం.

జాడే ఎందుకని కొందరు అడిగారు. మొదట మగ్గం అనుకున్నాం, పద్మశాలీలం కదా. నిజం చెప్పాలంటే మగ్గం చెక్కడం మా వల్ల కాలేదు. జాడి సులువు: మూత, మెడ, భుజం, పొట్ట. పైగా తొక్కు జాడి లేని ఇల్లు మనలో లేదు. మాలో ఒకరింట్లో ముత్తవ్వ కరీంనగర్ వైపు నుంచి మూటలో పెట్టుకుని తెచ్చిందని చెప్పే జాడి ఇప్పటికీ ఉంది. అంచు పెచ్చు ఊడింది, ఇప్పుడు ఉప్పు పోస్తున్నారు. పక్కింటి మరాఠీ వాళ్లు దాన్నే బరణీ అంటారు, తమిళులకూ అది జాడే. హిందీలో మర్తబాన్, అంటే బర్మాలో ఒక రేవు పేరు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా అనే యాత్రికుడికి ఓడ ప్రయాణం కోసం మర్తబాన్ల నిండా అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి ఉప్పులో ఊరేసి ఇచ్చారట, ఆయనే రాసుకున్నాడు. ఊరు వదిలి పోయేవాళ్లకు తొక్కు కట్టివ్వడం మన అవ్వలే కనిపెట్టారని ఇన్నాళ్లు అనుకున్నాం!

ఇక చేసే పద్ధతి. పెద్ద ఖర్చేం లేదు. స్టేషనరీ దుకాణంలో దొరికే వెడల్పాటి రబ్బరు, పెన్సిల్ చెక్కే బ్లేడు, సన్న కాగితం. కాగితం మీద పెన్సిల్‌తో జాడి గీసి, దాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే బొమ్మ రబ్బరుకు అంటుకుంటుంది. గీత వదిలి చుట్టూ చెక్కాలి. జాడి లోపల మామిడి ముక్కలు రావాలంటే ఇంకో చిన్న అచ్చు. పల్చటి కాగితంలో జాడి ఆకారం కత్తిరించి, ఆ సందులోంచి ముక్కలు గుద్దితే గీత దాటి బయటికి రావు. జాడి మూతికి వాసెన మాత్రం అచ్చు కాదు. టవల్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన చిందీ గుడ్డ ముక్క అంటించి, పవర్‌లూమ్ దగ్గర పారేసే రంగు నూలుతో ముడి వేస్తాం. కార్డు చేతిలోకి రాగానే అందరి వేలూ ముందు ఆ ముడి మీదికే పోతుంది.

పొట్లం ఖాకీ కాగితంది, దాని మీద కూడా అదే జాడి అచ్చు. లోపల శేంగా చట్నీ. మొదటి ఏడు నూనె బయటికి ఊరి జాడి బొమ్మ నిజంగానే కారింది. ఇప్పుడు లోపల బటర్ పేపర్ వేస్తున్నాం. మెరిసే కార్డు కొన్నదీ ఆ ఏడే, సిరా ఆరక 40 కార్డులు పాడయ్యాయి. గరుకు కాగితమే మంచిది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు 'ఉగాది' అన్న అక్షరాలను తిరగేయకుండా నేరుగా చెక్కడం. గుద్దితే అద్దంలో చూసినట్టు వచ్చింది. మరాఠీ మీడియంలో చదివే మా పిల్లాడు ఒకడు, తెలుగు చదవడం రానివాడు, ఆ రబ్బరు చూసి 'రబ్బరు మీద బాగుంది, కార్డు మీద ఉల్టా అయింది' అన్నాడు. అక్షరం ఎటు తిరగాలో వాడికి ఆ రోజు పట్టుకుంది. ఉ, గ, ద మూడూ ఇప్పుడు వాడే చెక్కుతున్నాడు, గుడి కట్టే దగ్గర బ్లేడు జారకుండా. ఆదివారం తెలుగు క్లాసుకు రమ్మంటే రాని పిల్లలు తొమ్మిది మంది అచ్చులు గుద్దడానికి వచ్చారు. ప్రెస్సుకు ఇస్తే వాళ్లకు ఇక్కడ పనేముంటుంది?

ఇప్పుడు మా తప్పు. కత్తిరించడం, మడవడం, ముడి వేయడం అంతా చేసింది బీడీలు చుట్టే అక్కలు. వాళ్ల వేళ్ల వేగం మాకెవరికీ లేదు. ఆకు కత్తిరించినట్టే రేకు అచ్చు పెట్టి ఖాకీ కాగితం కత్తిరిస్తారు. మేం దాన్ని 'సేవ' అన్నాం, వేదిక మీద పేర్లు చదివి చప్పట్లు కొట్టించాం. బీడీ పనికి లెక్క వెయ్యికి ఇంత అని. మా దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చుంటే ఆ బీడీలు తగ్గినట్టే, కూలీ పోయినట్టే. ఒక అక్క నెమ్మదిగా అడిగింది: 'కార్డుకు కాగితం కొంటిరి, నూలు ముక్క కూడా అడిగి తెచ్చుకుంటిరి, చేతులకే లెక్క లేదా?' మా దగ్గర జవాబు లేదు.

ప్రెస్సు కావాలన్న వాళ్ల వాదన కూడా ఇక్కడి నుంచే: ఆడవాళ్లకు శ్రమ తగ్గుతుంది కదా అని. శ్రమ తగ్గించడం వేరు, పనే తీసేయడం వేరు. అక్కలు పని వద్దనలేదు, కూలీ అడిగారు. డబ్బాకు కొటేషన్ 85 రూపాయలు. 160 ఇళ్లకు 13,600. ఒక కార్డుకూ పొట్లానికీ కలిపి కూలీ 20 రూపాయలు ఇస్తే 3,200 అవుతుంది. కాగితం, సిరా, చట్నీ మన లెక్కల పుస్తకంలో ఉన్నాయి, అవి కలిపినా డబ్బాల ఖర్చులో సగం దాటదు. కార్యవర్గం మీద మాకు కోపం లేదు. ఫోటో కావాలంటే ఆఫీసు గోడకు పెడదాం, తప్పేముంది. కానీ డబ్బా మీది ఫోటో రెండు నెలల్లో పప్పు డబ్బా మీద గీతలు పడి పోతుంది, అది ఎవరికీ గౌరవం కాదు.

ఇంకో మాట. మన ఉగాది, వాళ్ల గుడీ పాడ్వా ఒకే రోజు. పోయినేడు మిగిలిన కార్డులు పక్కిళ్ల మరాఠీ వాళ్లకు ఇచ్చాం. ఒకామె వాసెన ముడి విప్పి చూసి, లోపల ఏమీ లేదేమని నవ్వింది. ఈసారి వాళ్లకూ పొట్లం ఇద్దామని మా ఆశ, ఇంకో 20 కలపాలి.

వచ్చే ఆదివారం మీటింగులో రెండే అడుగుతాం: కార్డులు చేత్తోనే చేయాలి, కూలీ ముందే తీర్మానం రాసి పెట్టాలి. ఒప్పుకునేవాళ్లు చాయ్ కన్నా ముందు చెయ్యెత్తండి. టవల్ కార్ఖానాల్లో పనిచేసే తమ్ముళ్లు చిందీ పారేయకుండా ఒక సంచిలో ఉంచండి. ఎరుపు, పసుపు తక్కువ పడుతున్నాయి.