అందరూ కలిసి కాదనగలిగితేనే

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, లాంకాస్టర్ కౌంటీలో పొలాల అంచున అక్కడక్కడా చిన్న చెక్క గదులు కనిపిస్తాయి. లోపల ఉండేది ఒక్క టెలిఫోన్. ఇరుగుపొరుగు ఆమిష్ కుటుంబాలు దాన్ని ఉమ్మడిగా వాడుకుంటాయి. డాక్టరును పిలవాలన్నా, సరుకు బేరం మాట్లాడాలన్నా అక్కడిదాకా నడవాల్సిందే. మొదట్లో కొందరు ఇళ్లలోనే ఫోను పెట్టించుకున్నారు. చాటుమాటు మాటలు తగవులకు దారితీశాయి. 1910 ప్రాంతంలో ఇంట్లో ఫోను వద్దని పెద్దలు తేల్చారు. ఫోను వాడకాన్ని పూర్తిగా వద్దనలేదు, తర్వాత్తర్వాత గడప బయట ఉమ్మడి ఫోనుకు ఒప్పుకున్నారు.

ఆమిష్‌లంటే గుర్రపు బగ్గీలు, లాంతర్లు, కాలానికి ఎదురీదే ఛాందసులు అనుకుంటాం. అది సగమే నిజం. ఐరోపాలో 1693లో జాకబ్ అమ్మన్ వెంట విడివడిన ఈ క్రైస్తవ సమాజం 18వ శతాబ్దంలో అమెరికా చేరింది. నేడు వారు సుమారు 4 లక్షల మంది. వారి వడ్రంగి షెడ్లలో డీజిల్ ఇంజిన్ గాలిని ఒత్తిపెడితే ఆ ఒత్తిడితో రంపాలు తిరుగుతాయి. కొన్నిచోట్ల సోలార్ పలకలూ ఉన్నాయి. వద్దనుకున్నది ఊరిని బయటి ప్రపంచానికి కట్టేసే కరెంటు తీగను. అవసరమైతే కిరాయి కారు ఎక్కుతారు, సొంతానికి మాత్రం కొనరు. వాకిట్లో కారుంటే పొరుగువాడితో పనిపడదని, బంధుత్వాలు చెదిరిపోతాయని వారి భయం.

ఈ కట్టుబాట్లను ‘ఓర్డ్‌నుంగ్’ అంటారు. ఏటా రెండుసార్లు, ప్రభు భోజన సంస్కారానికి ముందు, సభ్యులంతా వాటికి మళ్లీ సమ్మతి చెబుతారు. ఒక ఊరు ఒప్పుకున్నది పక్క ఊరు ఒప్పుకోకపోవచ్చు. కొత్త యంత్రం వస్తే ‘ఇది మన మధ్య సంబంధాలను ఏంచేస్తుంది?’ అని అడుగుతారు. మనం ధర, ఫీచర్లు అడిగి ఊరుకుంటాం.

అలా ఊరుకుంటే ఏమవుతుందో ఒకసారి చూశాం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్ట అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఒకే తీగ మీద ఇంతమంది బతుకు వేలాడాలని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని నిర్ణయించారు? ఎవరూ నిర్ణయించలేదు. అదే నన్ను కలవరపెడుతోంది.

ఆమిష్ జీవితాన్ని స్వర్గంగా చూపడం నా ఉద్దేశం కాదు. అక్కడ చదువు ఎనిమిదో తరగతితో ఆగుతుంది. అందుకు 1972లో అమెరికా సుప్రీంకోర్టు అనుమతించింది. బాప్తిస్మం తీసుకున్నాక కట్టుబాటు దాటితే సొంతవారే వెలివేస్తారు. మత పెద్దలు మగవారే. చదవాలని తపించే పదిహేనేళ్ల ఆడపిల్లకు ఆ ఊరు ఏం సమాధానం చెబుతుంది? ఆ కట్టుబాట్లు మనకొద్దు.

వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది మరొకటుంది: యంత్రానికి హద్దు గీయడం ఒంటరి మనిషి వల్ల కాదు. తరగతిలో అందరి చేతుల్లో ఫోనుండి తన కూతురికి మాత్రమే లేకపోతే ఏ తల్లి ఎన్నాళ్లు కాదనగలదు? నలభై మంది తల్లిదండ్రులు ఒకే మాట మీద నిలబడితే ఆ తల్లికి బలం వస్తుంది. ఏ వయసు దాకా పిల్లలకు సొంత ఫోను ఇవ్వకూడదో, రాత్రి ఎన్ని గంటల తర్వాత క్లాసు వాట్సాప్ గ్రూపు మూగబోవాలో ఈసారి మీ బడిలో జరిగే తల్లిదండ్రుల సమావేశంలో చర్చకు పెట్టండి. మార్కుల కార్డు మీద సంతకం పెట్టి వచ్చేయకండి.