బిడ్డ తల మీద గాటుకు తల్లి ఎందుకు జవాబు చెప్పాలి?

పుట్టిన బిడ్డ తల మీద గాటో, వాపో కనిపిస్తే మా గుమ్మఘట్ట వైపు అందరూ బాలింతనే నిలదీస్తారు. "గ్రహణం నాడు కత్తిపీట పట్టుకున్నావా?" "నొప్పులప్పుడు సరిగ్గా ముక్కలేదా?" కాన్పు చేసినవాళ్ళను మాత్రం ఒక్కరూ అడగరు. ఈ వరస చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

గ్రహణానికి గాటు పడదమ్మా. పనిముట్టుకు పడుతుంది. బిడ్డ కిందికి దిగకపోతే తలకు కప్పులాంటిది తగిలించి లాగుతారు. దాన్ని వాక్యూమ్ అంటారు, అది పెట్టినచోట వాపు వస్తుంది. సిజేరియన్‌లో ఒక్కోసారి కత్తి మొన తలకు తగులుతుంది. మనలో చాలామంది వినని పనిముట్టు ఇంకొకటి ఉంది. ఉమ్మనీరు పోయాక, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో తెలుసుకోవడానికి, సన్నని తీగ చివరి మెలిక సూదిని బిడ్డ తల చర్మంలోకి తిప్పుతారు. దిగేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. చాలామందికి చుక్కంత మచ్చ పడి మానిపోతుంది, కొద్దిమందికి చీము పడుతుంది. తల్లికి హెచ్.ఐ.వి. ఉంటే దీన్ని వాడకూడదు. మన పల్లెల్లో పొట్ట మీద పెట్టే డాప్లరే ఎక్కువ. కూతురి కాన్పుకు అమెరికా వెళ్ళే అమ్మలకు మాత్రం ఈ తీగ మాట వినబడవచ్చు.

అలాగని యంత్రాలు వద్దనడం లేదు. నొప్పుల్లో బిడ్డ గుండె చప్పుడు వినాల్సిందే. ఆరోగ్యంగా ఉన్న తల్లికి డాప్లర్‌తోనో, గొట్టంతోనో 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కే సమయంలో 5 నిమిషాలకోసారి వింటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అంతకు మించి ఏదైనా వాడితే దానికి కారణం ఉండాలి. ఆ కారణం తల్లికి తెలియాలి.

"తల్లీబిడ్డలను బతికించినవాళ్ళను గీత గురించి అడుగుతారా?" అని కొందరు కసురుకుంటారు. అడుగుతాం. దండం పెడతాం, అడుగుతాం కూడా. ఎందుకంటే పదో రోజున ఆ గాటు ఎర్రబడి బిడ్డకు జ్వరం వస్తే, రాయదుర్గమో అనంతపురమో పరుగెత్తేది మనమే. అక్కడి డాక్టరు "తలకు ఏం పెట్టారు?" అంటే మన దగ్గర ఏ జవాబు ఉంది? డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క రాసి ఉంటే చాలు. అది రాయడానికి నిమిషం పట్టదు. రాయకుండా పంపితే నింద ఇంటిదాకా తల్లి వెంట వస్తుంది.

కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వాసుపత్రులకు చెప్పింది. అమ్మో, అత్తో లోపల ఉంటే ఏం జరిగిందో కళ్ళతో చూస్తారు. తర్వాత గ్రహణం మీదకు నెట్టే పని ఉండదు.

అత్తలారా, మీకూ ఒక మాట. వాపు ఉన్న తలను గుండ్రంగా రావాలని ఒత్తకండి. గాటు మీద పసుపు, నూనె, బూడిద పెట్టకండి. కొన్ని వాపులు రెండు మూడు రోజుల్లో పోతాయి. ఎముక పైపొర కింద రక్తం చేరితే కరగడానికి వారాలు పడుతుంది, పచ్చకామెర్లూ పెరగవచ్చు. వాపు మెత్తగా తలంతా పాకుతున్నా, బిడ్డ పాలిపోయినా, పాలు తాగకపోయినా, చీము కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. బరువు ఒక్కటే చూసి పోనివ్వకుండా, టోపీ తీసి తల చూపించండి.

చెల్లెళ్ళూ, ఇంటికి బయలుదేరే ముందు బిడ్డ తల మీద చెయ్యి వేసి నిమిరి చూడండి. ఏదైనా తగిలితే "ఇది దేనివల్ల వచ్చింది? కాగితంలో రాయండి" అని అడగండి. రాసి ఇచ్చేదాకా కదలకండి.