తాళం ఎవడైనా కొడతాడా?

మొన్న సంక్రాంతికి శ్రీకాకుళం దగ్గర మా ఊరెళ్ళాను. రామాలయంలో భజన. హార్మోనియం, డోలక్ మైకులో మోగిపోతున్నాయి, తాళం మాత్రం వినబడదు. చూస్తే కొట్టేవాళ్ళు ఇద్దరున్నారు! చేతుల్లో తళతళలాడే కొత్త ఇత్తడి తాళాలు. పాత కంచు జతని తూకానికెయ్యాలని కమిటీ వాళ్ళు పక్కన పెట్టారట.

చిన్నప్పట్నుంచీ ఆ జత కొట్టింది మా చిన్నతాత. ఎనభై దాటాయి. కొత్తవి ఒకసారి మోగించి, "ఏటి బాబూ ఇది, సత్తుగిన్నె సప్పుడు!" అని కింద పెట్టేశాడు.

ముసలాయన చాదస్తం అనుకోకండి. కంచంటే రాగి, తగరం. ఇత్తడంటే రాగి, జింకు. మంచి ఆర్కెస్ట్రా సింబల్స్‌లో 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం, అంటే మన కంచే. కొడితే చాలాసేపు మోగుతుంది. వేమన ఊరికే కంచుని పట్టుకోలేదు.

ఇక పాట రానివాడి చేతిలో తాళం పెట్టడం మనకో అలవాటు. నాకూ బళ్ళో అలాగే ఇచ్చారు :) రెండూ తిన్నగా ఎదురెదురుగా కొట్టాను, 'టప్' మంది. "ముకానికి ముకం కొడితే మద్దిన గాలి సిక్కడిపోద్దిరా, ఓరగా కొట్టు" అన్నాడు తాత. సింఫనీల్లో సింబల్స్ కొట్టేవాళ్ళకి మొదట నేర్పే జాగ్రత్తల్లో ఇదొకటని చాలా ఏళ్ళ తర్వాత చదివి నోరెళ్ళబెట్టాను.

వాళ్ళ ఓపిక ఇంకో రకం. బ్రూక్నర్ ఏడో సింఫనీ 1884లో మొదటిసారి వాయించారు. గంటకి పైగా సాగే దాంట్లో సింబల్స్ దెబ్బ ఒకే ఒక్కటి, రెండో భాగంలో. (అది ఆయన ఇష్టపడి పెట్టాడా, పక్కవాళ్ళు పెట్టించారా అని ఇప్పటికీ తగువే.) రిలీజు రాత్రి ఒక్క ఎంటర్ కోసం కూర్చునే మనవాడు గుర్తొచ్చాడా? తప్పితే అందరికీ తెలుస్తుంది, సరిగ్గా కొడితే పేరు ఎవడూ అడగడు.

మనకి మాత్రం లయ అంటే ఎప్పుడూ చిన్నచూపు లేదండీ. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథలో ఆయన లయ గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ గడ్డ మీదే ఇప్పుడు కంచుని కిలోల్లెక్కన చూస్తున్నాం!

కొత్తవాటి డబ్బు నేనిస్తాను, పాతవి గుళ్ళోనే ఉంచండి అని కమిటీకి చెప్పొచ్చాను. ఇంకా ఫోన్ రాలేదు. ఆ జత ప్రస్తుతానికి తాత మంచం కింద, పాత తువ్వాల్లో చుట్టి ఉంది.