గురకను తేలికగా తీసుకోవద్దు



మా సంఘపెద్ద ఒకరు ప్రతి ఆదివారము ప్రసంగములో కునుకు తీసేవారు. ఒకసారి ప్రసంగ వేదిక నుండే ఆయనను ఐతుకుతో పోల్చి మందలించాను. ఆరాధన తరువాత ఆయన భార్య కన్నీళ్లతో, "అయ్యగారూ, రాత్రంతా గురకే. మధ్యలో ఊపిరి ఆగిపోతుంది. రొమ్ము మీద చెయ్యి వేసి కూర్చుంటాను" అన్నది. సిగ్గుపడ్డాను.

అది సోమరితనము కాదు, స్లీప్ ఆప్నియా అనే వ్యాధి. నిద్రలో గొంతు కండరములు వదులై గాలి దారి మూసుకొనిపోతుంది. 10 సెకండ్లు, అంతకు మించి శ్వాస ఆగుతుంది. ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇలాగే జరిగితే పగలు మత్తు రాక ఏమవుతుంది? అశ్రద్ధ చేస్తే రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతము రావచ్చు.

గురక పెట్టే అందరికీ ఈ వ్యాధి ఉండదు. అయితే ఊపిరి ఆగుతున్నదేమో ఇంటివారే గమనించాలి. ఆగుతుంటే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించి నిద్ర పరీక్ష చేయించండి. బరువు తగ్గుట, పక్కకు తిరిగి పడుకొనుట, మద్యము మానుట మేలు చేస్తాయి. వ్యాధి ముదిరినవారికి సీపాప్ యంత్రము మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకొనకుండా కాపాడుతుంది.

మరుసటి ఆదివారము సంఘము ఎదుటనే ఆయనను క్షమాపణ అడిగాను. కునికేవారిని నిందించకముందు, వారి రాత్రి ఎలా గడిచిందో అడుగుదాము.