తడి గోడకు రంగు కొట్టి అమ్మొద్దు

మన దగ్గర మకాన్ అమ్మాలనుకోగానే ముందు గుర్తొచ్చేది పెయింటర్. రంగు కొడితే రేటు పెరుగుతుందని నమ్మకం. నా రాయ్ వేరే. ఏ మరమ్మత్తుకైనా పైసలు తీసే ముందు మూడు సవాళ్లు వేసుకోవాలి.

మొదటిది: వచ్చే ఖరీద్దార్ ఇల్లు కొంటున్నాడా, జాగా కొంటున్నాడా? మా తొర్రూరునే చూడండి. వరంగల్–ఖమ్మం రోడ్డు మీది ఊరు, 2018లో మున్సిపాలిటీ అయింది. రోడ్డు పక్క పాత పెంకుటిల్లు కొనేవాడు చాలాసార్లు దాన్ని కూల్చి కొత్తది కట్టుకోవడానికే కొంటాడు. కూలిపోయే ఇంటికి టైల్స్ ఎందుకు? డాబా ఇల్లైతే లెక్క వేరు. స్లాబు ఉరుపు, బాత్రూం పైపు, ఊడిన స్విచ్చు బోర్డు, పట్టని తలుపు బాగుచేయించండి. సామాను తీసి శుభ్రం చేయించండి. ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ జోలికి పోకండి. కొనేవాళ్లకు వాళ్ల పసంద్ వాళ్లకుంటుంది.

రెండోది: ఆ ఖర్చు ఐబ్‌ను తీసేస్తుందా, కప్పేస్తుందా? సహీహ్ ముస్లింలో ఒక హదీసు ఉంది. బజార్‌లో ధాన్యం కుప్పలో రసూలుల్లాహ్ (స) చేయి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. తడిసినదాన్ని జనానికి కనబడేలా పైనే ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. వడ్ల కుప్పల మధ్య పెరిగిన మనకు దీన్ని విప్పి చెప్పక్కర్లేదు. చెమ్మ గోడ మీద పుట్టీ పెట్టి రంగేయడం అచ్చం అదే పని. దాచిన ఐబ్ బయటపడితే సౌదా వాపస్ చేసే హక్కును ఫిఖ్ కొన్నవాడికి ఇచ్చింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కూడా, కొనేవాడు మామూలుగా చూస్తే పట్టుకోలేని పెద్ద లోపం మనకు తెలిసి ఉంటే చెప్పి తీరాలంటుంది. కాబట్టి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూసి ఆపండి. స్తోమత లేకపోతే గోడను ఉన్నదున్నట్టు చూపించి ఆ మేరకు రేటు తగ్గించండి.

మూడోది, అసలైనది: ఖర్చు పెట్టేది ఎవరి ఇంటి మీద? మా ఫుప్పా ఇంతకాల్ అయ్యాక వాళ్ల ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఆయన తల్లిదండ్రులు లేరు. ఫుప్పూ, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు వారసులు. అప్పులు, బాకీ మెహర్, వసీయత్ పోగా మిగిలిన దాన్ని 32 హిస్సాలు చేస్తే ఫుప్పూకి 4, కొడుక్కి 14, ఒక్కో కూతురికి 7. చెల్లెళ్లను అడక్కుండా భాయ్ హాలంతా సింగారించి, రేపు అమ్మిన పైసల్లోంచి "ఖర్చులు పోను" అని కోస్తే ఆ కోత ఎవరి మీద పడుతుంది? ఆ ఆడపిల్లల హక్కు మీద. "పెళ్లిలో ఇచ్చాం కదా" అనే మాట మన ఇళ్లల్లో ఎన్నిసార్లు విన్నానో. పెళ్లి ఖర్చు విరాసత్ కాదు. సూరె నిసా బేటీ హిస్సాను పేరుపెట్టి చెప్పింది. అది భాయ్ దయ కాదు.

దునియా లెక్క కూడా అదే చెబుతుంది. తెలిసిన ఖరీద్దార్ ముందు మార్బుల్ చూడడు. దస్తావేజు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, మరణ ధ్రువీకరణ పత్రం అడుగుతాడు. వారసులందరి సంతకాలు ఉన్నాయా అంటాడు. ఒక్క చెల్లెలి సంతకం లేకపోతే ఎంత మెరిసే ఇల్లైనా అక్కడే ఆగిపోతుంది. అన్నిటికంటే ముందు చేయాల్సిన మరమ్మత్తు కాగితాలదే.

కొన్నవాళ్లు ఆ ఇంట్లో నమాజ్ చదవనీ, పూజ చేసుకోనీ. మొదటి వానకు మాత్రం మనల్ని తిట్టుకోకూడదు. ఆ సొమ్ములో బర్కత్ ఉండాలంటే ముందు కావాల్సింది అదే.